మళ్లీ తెరుస్తున్న ఆన్‌లైన్ కొట్టు

కొండపల్లి బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్మి, మధ్యలో మానేసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టేముందు జీఎస్టీ సంగతి చూసుకోవాలి. వరుసగా ఆరు నెలలు రిటర్నులు వేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దయి ఉండొచ్చు. అయితే 2023 అక్టోబరు నుంచి చిన్న వ్యాపారులకు ఓ వెసులుబాటు వచ్చింది. టర్నోవరు పరిమితి దాటకుండా సొంత రాష్ట్రంలోనే అమ్మేవారికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు చాలు. బెజవాడ నుంచి హైదరాబాదుకు ఒక్క బొమ్మ పంపినా ఇది వర్తించదు! ఒకప్పుడు రెండూ ఒకే రాష్ట్రంలో ఉన్నా, పన్నుకు మాత్రం ఇప్పుడది పరాయి రాష్ట్రమే. ఆ టర్నోవరు పరిమితి కూడా వేర్వేరు: ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. ఇక చెక్కబొమ్మల మీద పన్ను 2025 సెప్టెంబరు 22న 12 శాతం నుంచి 5కు దిగింది. కాబట్టి ముందు పాత ధరలు సవరించండి.