సెలైన్ సూది ఎవరి చేతిలో ఉంది?

(సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంత మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య హక్కు అనగానే మనం మందుల కొరత గురించి, డాక్టర్ల ఖాళీల గురించి మాట్లాడతాం. సెలైన్ సూది గుచ్చే చేయి గురించి మాట్లాడం. "నరం దొరకడం లేదు" అంటూ నాలుగైదు చోట్ల గుచ్చడం, మర్నాటికి చెయ్యి వాచిపోవడం మామూలే అనుకుంటాం. అది మామూలు విషయం కాదు.

కాన్పయ్యాక రక్తస్రావం ఆగని స్త్రీని తీసుకోండి. రక్తం పోయేకొద్దీ నరాలు కుంచించుకుపోతాయి. వెంటనే రెండు చోట్ల లావు క్యాన్యులాలు పెట్టి సెలైన్, రక్తం ఎక్కించాలి. అసలే రక్తహీనత ఉన్న మనిషికి నిమిషాల మీద ప్రాణం. ఒళ్లు కాలిన వాళ్లకూ అంతే. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఇలాంటి చోట నరం పట్టుకోవడం బాగా తెలిసిన మనిషి రాత్రి షిఫ్టులో కూడా ఉండాలి.

ఇంకొకటి ఈ నేలకు సంబంధించింది. పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి వెలువడే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. అలాంటి నీటిలో మందుకు లొంగని క్రిములే మిగిలి పెరుగుతాయి. శుభ్రత లేని సూది వాటికి రక్తంలోకి దారి.

కొన్ని దేశాల్లో పెద్దాసుపత్రులు ఈ పనికే శిక్షణ పొందిన నర్సుల బృందాలను పెట్టుకున్నాయి. నరం ఎంచుకోవడం, సూది పెట్టడం, రోజూ చూడడం, అవసరం తీరగానే తీసెయ్యడం వాళ్ల పని. అయితే బృందం పేరే సర్వరోగ నివారిణి కాదు. పద్ధతి ముఖ్యం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర ఐసీయూల్లో పెద్ద నరాల్లో గొట్టం పెట్టేటప్పుడు ఐదు పనులు తప్పనిసరి చేశారు: చేతులు కడగడం, ఒళ్లంతా శుభ్రమైన గుడ్డ కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, వీలైనంతవరకు తొడ నరం జోలికి పోకపోవడం, అక్కర్లేని గొట్టం తీసెయ్యడం. 18 నెలల్లో ఇన్ఫెక్షన్లు 66 శాతం దాకా తగ్గాయని 2006లో ప్రచురించారు. అత్యవసరం కానప్పుడు, డాక్టరు ఏదైనా వదిలేస్తే నర్సు ఆపవచ్చు.

ఇక్కడే ఇది స్త్రీల ప్రశ్న అవుతుంది. సూది పట్టేది ఎక్కువగా స్త్రీలు. పని తెలిసినా డాక్టరును ఆపే అధికారం లేదు. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన కమిటీ సిఫారసు చేసింది. ఉద్యోగం ఊడుతుందన్న భయంతో పనిచేసే నర్సు డాక్టరుకు ఎదురు చెప్పగలదా?

కాబట్టి పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి, రామచంద్రాపురం ఈఎస్ఐ ఆసుపత్రి, సంగారెడ్డి ప్రభుత్వాసుపత్రులలో మనం అడగవలసినవి ఇవి:

ప్రతి షిఫ్టులో ఈ పనిలో శిక్షణ పొందిన నర్సులు ఉండాలి. సంగారెడ్డిలో 2022లో మొదలైన మెడికల్ కాలేజీ ఆ శిక్షణ ఇవ్వాలి.

రెండుసార్లు గుచ్చినా నరం దొరక్కపోతే మరొకరిని పిలవాలి.

సూది పెట్టిన తేదీ, సమయం ప్లాస్టరు మీద రాయాలి.

నర్సులకు హెపటైటిస్ బి టీకా, ఉద్యోగ భద్రత ఉండాలి.

నీరసానికల్లా సెలైన్ ఎక్కించడం ఆపాలి.

ఈ సూది దేనికి? ఎవరు పెడుతున్నారు? ఎప్పుడు తీస్తారు? ఈ మూడు ప్రశ్నలు అడగడం మన సంఘాల్లో ప్రతి స్త్రీకీ నేర్పుదాం. నర్సులను మన సమావేశాలకు పిలుద్దాం. వాళ్లు లేకుండా ఈ పోరాటం సాగదు.