తల్లి ఆరోగ్యము – చదువరుల బాధ్యత
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున గర్భిణీ స్త్రీల ఆరోగ్యమును గూర్చి ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా డెల్టా కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. చదువరి పుస్తకము కడకు రాలేనప్పుడు పుస్తకమే చదువరి కడకు పోవలెనని ఆయన చేసి చూపిరి. వైద్య విషయమున ఆ ధర్మమునే నేడు మన అడవి పల్లెలలో ఆశా కార్యకర్త ఆచరించుచున్నది.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రారంభమైనప్పుడు ఈ ఏర్పాటు జరిగినది. సామాన్యముగా వేయిమంది జనాభాకు ఒక కార్యకర్త. గిరిజన ప్రాంతములలో అవసరమును బట్టి గూడెమునకొకరు. ఆమె ఆ ఊరి ఆడపడుచో, కోడలో అయి యుండును. దుమ్ముగూడెము, చర్ల ప్రాంతములలో ఆమెకు గల మొదటి అర్హత కోయ భాష. వైద్యుడు తెలుగున ‘రక్తహీనత’ యని చెప్పిన మాటను ఆ తల్లి వంటయింటి గడప కడ కూర్చుండి తెలియజెప్పునది ఈమెయే.

ఆమె పని చిన్నది కాదు. నెల తప్పిన స్త్రీని తొలి మాసములలోనే గుర్తించి పేరు నమోదు చేయించుట, కనీసము 4 పరీక్షలు జరుగునట్లు చూచుట, 180 ఇనుపధాతువు మాత్రలు మ్రింగించుట, నొప్పులు వచ్చినప్పుడు వెంట ఆసుపత్రికి పోవుట, ప్రసవానంతరము 42 దినములలో ఆరుమార్లు బిడ్డను చూచివచ్చుట – ఇవన్నియు ఆమె విధులే.

నా అనుభవమొకటి మనవి చేసెదను. అప్పుడు నేను ఒక గూడెమున ఉపాధ్యాయుడను. శ్రావణ మాసము, వాగు పొంగినది. ఒక నిండు చూలాలిని మంచముపై మోసికొని గట్టునకు చేరి, నీరు తీయువరకు మూడు గంటలు నిలిచితిమి. తల్లి దక్కినది, బిడ్డ దక్కలేదు. మరునాడు ఆ యింటి చూరులో చెక్కియున్న కార్డును చూచితిని. ప్రసవ తేదీ అందు స్పష్టముగా వ్రాసి యున్నది. పది దినములు ముందుగా ఆమెను భద్రాచలము చేర్చియుండవచ్చును. నా బడి ఆ యింటికి నాలుగిండ్ల దూరము. చదువనేర్చిన వారిలో ఒక్కరమైనను ఆ కార్డును చదువలేదు. ఆ సిగ్గు నన్ను నేటికిని విడువలేదు.

2022 జూలై 16న భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు పెరిగినది. అట్టి వరదలలో నెలలు నిండిన స్త్రీలను ముందే ఆసుపత్రికి చేర్చుటకన్న వేరు రక్ష లేదు. తెలంగాణలో లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు 2014–16లో 81 కాగా, 2018–20లో 43కు తగ్గినవి. సంతోషమే. కాని రాష్ట్రపు సగటు లెక్కలో వాగు అవతలి గూడెము కనబడదు.

ఇక కుటుంబ నియంత్రణ. మన దేశము 1952లోనే దీనిని జాతీయ కార్యక్రమముగా చేపట్టినది. 1975–77లో జరిగిన నిర్బంధముల వలన ప్రజలలో భయము నాటుకొన్నది. 1996లో శస్త్రచికిత్సల లక్ష్యములను తొలగించిరి. ఇది బలవంతపు వ్యవహారము కాదు. తెలిసి కోరుకొనవలసిన విషయము. కాపర్ టీ, మూడు నెలలకొక ‘అంతర’ సూది, ‘ఛాయ’ మాత్ర, నిరోధ్ – ఇవన్నియు ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. ఒక కాన్పు తరువాత రెండేండ్లయినను గడచిన పిదపనే మరల గర్భము ధరించుట తల్లికిని బిడ్డకును మేలు. కాని 2019–21 సర్వే ప్రకారము రాష్ట్రమున వివాహిత స్త్రీలలో నూటికి అరువదిమందికి పైగా శస్త్రచికిత్స చేయించుకొనియుండగా, పురుషుల శస్త్రచికిత్సపై ఆధారపడిన దంపతులు నూటికి ఇద్దరు మాత్రమే! పురుషుని శస్త్రచికిత్స సులభతరమైనది. భారమంతయు భార్యపై మోపుట మనకు న్యాయమా?

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా కార్యకర్తలను సత్కరించినది. అయినను వారికి స్థిరమైన జీతము లేదు. పనిని లెక్కించి ఇచ్చు ప్రోత్సాహకములే. లోకము మెచ్చిన సేవకు మనము చేయూత నీయవలదా?

కావున రెండు కోరికలు. ఈ గ్రంథాలయమునకు వచ్చువారిలో ఎక్కువమంది పురుషులు. ఆశా కార్యకర్త మాట వినువారు స్త్రీలు మాత్రమే. నెలకొక సాయంకాలము ఆమెను ఇచ్చటికి ఆహ్వానించి, భర్తలు కూర్చుండి వినవలెను. రెండవది, చదువు వచ్చిన యువకులు, ఆ యింటివారి అనుమతితో, ప్రతి గర్భిణి కార్డును వారికి చదివి చెప్పవలెను. తేదీ వానాకాలమున పడినచో ప్రయాణపు ఏర్పాటు ముందే చేయవలెను.

బీరువాలోని పుస్తకములను చదివినంతమాత్రమున మన చదువు ముగియదు. చూరులోని కార్డును గూడ చదివిననాడే ఈ రజతోత్సవము సార్థకము.