పురుగుమందు: తొలి గడియలు

పొలమునకు తెచ్చిన పురుగుమందు పొరపాటునగాని, మనస్తాపముచేతగాని ఒకరి కడుపులోనికి పోయినదనుకొందము. ఇంటివారు తొందరపడి ఉప్పునీళ్ళో, చింతపండు నీళ్ళో త్రాగించి వాంతి చేయింతురు. అది కూడదని మేము ముందుగా మనవి చేయుచున్నాము. తెలివి తప్పుచున్న మనిషికి వాంతియైనచో ఆ ద్రవము ఊపిరితిత్తులలోనికి పోవును.

మోనోక్రోటోఫాస్ వంటి మందు సోకినచో కనుపాపలు సూదిమొనలంత అగును. చొంగ, చెమట, కన్నీరు కారును. కండరములు అదరును. ఊపిరి బరువగును.

వెంటనే 108కి ఫోను చేయవలెను. వాహనము వచ్చులోపల రోగిని ఎడమప్రక్కకు ఒరిగించి పరుండబెట్టి, మందు పడిన బట్టలు తీసివేసి, ఒడలు సబ్బుతో కడుగవలెను. కడుగువారు తమ చేతులకు తొడుగులు వేసికొనవలెను. ఎందుకు త్రాగితివని నిలదీయుటకు అది సమయము కాదు.

మందు సీసాను ఆసుపత్రికి తప్పక తీసికొనిపోవలెను. దానిమీది పేరు వైద్యునికి దారి చూపును. ఆయన ఎట్రోపిన్ ఇచ్చి, ఊపిరితిత్తులలోని నీరు తగ్గువరకు మోతాదు పెంచుచుండును. రోగి లేచి కూర్చున్నాడని ఇంటికి తీసికొనిరాదగదు. ఒకటి మొదలు నాలుగు దినములలో మెడకండరములు, ఊపిరి కండరములు చచ్చుబడవచ్చును.

2013లో బిహారులోని సారణ్ జిల్లా బడిలో మధ్యాహ్నభోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షలో తేలినది. పురుగుమందు డబ్బా, ఖాళీదైనను, వంటింటి గడప దాటరాదు.