ఫైలు చేరాక ఎక్కడుంటుంది?

జీతాల పట్టికలు, వైద్య రిపోర్టులు బయటివారికి పంపడానికి పెద్ద సంస్థలు ఈమెయిల్‌ను నమ్ముకోవు. ఫైళ్ల బదిలీకి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ వాడతాయి. అమెరికాలోని ప్రోగ్రెస్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి చెందిన మూవ్‌ఇట్ అలాంటిదే.

2023 మే నెలాఖరులో క్లాప్ అనే ముఠా అందులోని ఒక లోపాన్ని వాడుకుంది. వెబ్ పేజీ గుండా డేటాబేస్‌కు దొంగ ఆదేశాలు పంపి, సర్వర్లలో ఉన్న ఫైళ్లను ఎత్తుకుపోయింది. బాధిత సంస్థలు 2,000 దాటాయి. బీబీసీ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల వివరాలూ పోయాయి. దొంగలు చొరబడింది ఆ రెండు సంస్థల్లోకి కాదు. వాటి జీతాల పని చూసే జెల్లిస్ కంపెనీ అప్పట్లో మూవ్‌ఇట్ వాడేది; వివరాలు పోయింది అక్కడి నుంచే. తన వివరాలు ఎన్ని చేతులు మారుతున్నాయో ఉద్యోగికి తెలియకపోవడమే నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

దారిలో ఉన్నంతసేపు ఫైలుకు ఎన్‌క్రిప్షన్ కాపలా ఉంటుంది. చేరాక సర్వర్‌లో అలాగే పడి ఉంటేనే ముప్పు. అవతలివారు అందుకోగానే ఫైలు తొలగిపోయేలా గడువు పెట్టాలి. ఫైలును ఈమెయిల్‌లో పంపాల్సివస్తే, దాని పాస్‌వర్డును అదే ఈమెయిల్‌లో కాక ఫోన్‌లో చెప్పాలి.

మన ఈ-ఆధార్ పీడీఎఫ్ సంగతి చూడండి. దాని పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. మనల్ని ఎరిగినవారెవరైనా ఊహించగలరు. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడో, హోటల్లో దిగేటప్పుడో ఆధార్ పంపాల్సివస్తే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకుని అదే పంపండి.