తపసి చెట్టుకు గాటు, చేతికి ధర



తలకు రుద్దే కుంకుడు, పులుసులోకి చింతపండు, ఇల్లు ఊడ్చే కొండచీపురు. పాడేరు, సీతంపేట, రంపచోడవరం కొండల్లో వీటిని ఏరి, ఎండబెట్టి, కావడి మీదో తలమీదో సంతకు మోసుకొచ్చేది గిరిజనులు. పొలంలో గింజ లేని నెలల్లో వారి ఇల్లు గడిచేది ఈ అమ్మకంతోనే.

తిండి కూడా అడవే పెడుతుంది. ఎండలు ముదిరే రోజుల్లో ఆదిలాబాద్ వైపు ఇప్పపువ్వు రాలుతుంది. పశువుల నోట పడకముందే ఏరుకోవాలని గోండు, కొలాం ఆడవాళ్లు చీకటితోనే బుట్టలు పట్టుకుని బయల్దేరతారు. పువ్వు ఎండబెడితే నెలల తరబడి నిలవ ఉంటుంది, గింజ నుంచి నూనె వస్తుంది. బయటివాళ్లకు ఇప్ప అంటే సారాయే గుర్తుకు రావడం అన్యాయం. ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసీ మహిళలు ఆ పువ్వుతోనే లడ్డూలు చేస్తున్నారు, రక్తహీనతకు విరుగుడుగా.

తపసి చెట్టు సంగతి కాస్త ఆగి చెప్పుకోవాలి. తెల్లటి బెరడుతో రాళ్లగుట్టల మీద పెరిగే ఈ చెట్టుకు గాటు పెడితే జిగురు ఊరుతుంది. కట్టుడు పళ్లు అంటించే పొడిలో, మందుల్లో, ఆహార పదార్థాల్లో వాడతారు, విదేశాలకూ పంపుతారు. ఒకప్పుడు గొడ్డలితో చేవ దాకా నరికేవారు. మట్టి, బెరడు కలిసిన సరుకుకు పలికేది అరకొర ధర. ఆ కొరత తీరాలంటే ఇంకో చెట్టు, ఇంకో గాటు. చెట్లు నిలువునా ఎండాయి.

తర్వాత గిరిజన సహకార సంస్థ, విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ జిగురు తీసేవాళ్లతో కలిసి పద్ధతి మార్చాయి. చిన్న కత్తితో బెరడు వరకే గాటు. కొన్ని రోజులకోసారి దాన్ని కొద్దిగా పెంచడం. గాయం మానే దాకా చెట్టు జోలికి పోకపోవడం. రంగును బట్టి జిగురు వేరుచేసి, శుభ్రమైన దానికి ఎక్కువ ధర ఇవ్వడం. చెట్లు చచ్చింది గిరిజనుల తెలివితక్కువతనం వల్ల అనేవాళ్లు ఈ చివరి మార్పును గమనించాలి. కత్తి ఒక్కటే మారి ధర మారకపోతే ఆ పద్ధతి నిలిచేది కాదు.

ధర దగ్గరే అసలు పేచీ. ఉప్పుకో, అప్పుకో అటవీ సరుకు సావుకారి చేతికి పోతున్న రోజుల్లో, 1956లో, ఆ సహకార సంస్థ పుట్టింది. ఏరుకునే సరుకు మీద ఏరినవాళ్లకే సొంతహక్కు చట్టంలోకి ఎక్కడానికి మాత్రం 2006 దాకా పట్టింది. ఆ ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం వెదురు, తేనె, తునికాకు, దుంపలు వంటి చిన్నతరహా అటవీ ఫలసాయం అడవుల్లో బతికేవాళ్లదని గుర్తించింది. అమ్ముకునే హక్కు కూడా అందులో ఉంది. నల్లమల కొండచరియల్లో తాడుకు వేలాడి తేనె తీసే చెంచులకు అది దానం కాదు, ఆలస్యంగా అందిన న్యాయం.

ఇవాళ చదువు ముగించి పట్టా పుచ్చుకుంటున్నవారిలో కొందరు అటవీ శాఖలో చేరతారు, కొందరు బ్యాంకుల్లో, కొందరు సరుకు కొనే కంపెనీల్లో. ఏజెన్సీలో పోస్టింగు పడితే శిక్షగా భావించేవాళ్లున్నారు. అక్కడి సంతలో ఒక పూట కాటా పక్కన నిలబడితే చాలు, తూకం ఎవరు వేస్తున్నారో, ధర ఎవరు చెబుతున్నారో, చీటీ ఇస్తున్నారో లేదో తెలిసిపోతుంది. గింజ తీసిన చింతపండుకు ఎక్కువ ధర వస్తుంది, కానీ తీసే యంత్రం, ఆరబెట్టే కళ్లం, వానకు తడవని గోదాము కొండ మీది ఊళ్లో ఉంటేనే ఆ లాభం ఏరినవాళ్లకు దక్కుతుంది. ఇంజనీర్లకు, వ్యవసాయ పట్టభద్రులకు అక్కడ చేతినిండా పని ఉంది.