దిగువవారి నీటి హక్కు

సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధర్మ సోదరులారా!

ప్రాణమున్న ప్రతిదానినీ నీటితోనే సృష్టించిన విషయాన్ని అల్లాహ్ అంబియా సూరా 30వ ఆయతులో తెలియజేశాడు. వాన కోసం ఇస్తిస్ఖా నమాజు చేసే సీమవాసులమైన మనకు నీటి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. అయితే, దుఆ చేసి పొందిన ఆ నీటిని మనం ఏ స్థితిలో దిగువకు సాగనంపుతున్నాము?

కర్నూలు మురుగు హంద్రీలో చేరుతుంది. హంద్రీ ఆ నగరం వద్దనే తుంగభద్రలో, తుంగభద్ర కృష్ణలో కలుస్తాయి. కృష్ణ శ్రీశైలం దాటి హంసలదీవి వద్ద సముద్రాన్ని చేరుతుంది. కడప మురుగు బుగ్గవంక గుండా పెన్నలోకి, సోమశిల, నెల్లూరుల మీదుగా బంగాళాఖాతంలోకి పోతుంది. ఉప్పునీరు, మంచినీరు కలిసే ఆ నదీముఖాలలోనే చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరుగుతాయి. జాలరుల జీవనోపాధి వాటిపైనే ఉంది. వానలు లేని నెలల్లో మన వంకల్లో పారేది చాలావరకు మురుగే. దానిని పలుచన చేసే ప్రవాహం ఉండదు. కనుక మెట్టసీమలో మన బాధ్యత మరింత పెద్దది.

బుఖారీ గ్రంథంలోని ఓడ ఉపమానం మనమెరిగినదే. కింది అంతస్తువారు నీటి కోసం తమ భాగంలో రంధ్రం చేయబూనుతారు. పైవారు ఊరకుంటే అందరూ మునుగుతారు. చేయి పట్టి ఆపితే అందరూ బ్రతుకుతారు. నదికీ ఎగువ, దిగువలు ఉన్నాయి. కాని ఇక్కడ రంధ్రం చేస్తున్నది ఎగువనున్న మనమే!

ఇతరుల తప్పులు ఎంచేముందు మన వాకిలి చూసుకుందాం. బక్రీద్ సాయంత్రం పేగులు, పేడ, నెత్తురు ఏ వంక ఒడ్డున పడుతున్నాయి? అల్లాహ్ సామీప్యం కోరి ఇచ్చిన ఖుర్బానీ పొరుగువాని నీటికి కీడు కావడం తగునా? నీటిరేవులను మలినపరచడం శాపహేతువని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు.

పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగును పాడుచేసినప్పుడు అక్కడి రైతులు, వైద్యుడు అల్లాణి కిషన్‌రావు మౌనం వహించలేదు. ఆ వివాదం 1990లో సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. జలకాలుష్యాన్ని నిరోధించే చట్టం మన దేశంలో 1974 నుండే ఉంది. దానిని అడిగి అమలు చేయించుకునే ప్రజలు కావాలి.

కనుక సోదరులారా! ఖుర్బానీ వ్యర్థాలను గోతిలో పూడ్చుదాం, లేదా మున్సిపాలిటీ బండికి అప్పగిద్దాం. మాంసం దుకాణదారులకు నచ్చజెబుదాం. మసీదులో వుజూ నీటిని ఇంకుడుగుంతకు మళ్ళిద్దాం. ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ సోదరులతో కలిసి, మురుగును శుద్ధిచేసిన తరువాతనే నదిలోకి వదలాలని అధికారులను కోరుదాం.

ఓ అల్లాహ్! మా చేతుల వలన నీ సృష్టికి కీడు కలుగకుండా కాపాడు. మా తీర్పుదినాన దిగువవారిని మాపై ఫిర్యాదుదారులుగా నిలపకు. ఆమీన్.