ఆ ప్రకటన ఎవరి కోసం?



స్నాతకోత్సవ ప్రసంగంలో కలలు కనమని చెప్పడం ఆనవాయితీ. ఆ మాట చెప్పడానికి వక్తలకు కొదవ లేదు. కోల్‌బెల్టు పిల్లలకు అంతకన్నా ముందు అక్కరకొచ్చే సంగతి ఒకటుంది. రేపటి నుంచి వాళ్ల ఫోన్లలోకి వచ్చిపడే ఉద్యోగ ప్రకటనల్లో కొన్నింటి వెనుక ఉద్యోగమే ఉండదు.

ఈ బొగ్గుగనుల ఊరు మందమర్రికి ఇది వింతగా తోచవచ్చు. ఇక్కడ చాలాకాలం దీనికి తలకిందులుగా నడిచింది: ఉద్యోగం ఉండేది, పేపర్లో ప్రకటన ఉండేది కాదు. తండ్రి మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అయితే కొడుకు బదిలీ వర్కర్‌గా బాయి దిగేవాడు. అట్లా తరాలు గడిచాయి. 1990ల మొదట్లో సింగరేణి బొగ్గు గనుల సంస్థలో లక్షా పదహారు వేల మంది దాకా పనిచేసేవారు. ఇప్పుడు ఆ లెక్క నలభై వేల దరిదాపుల్లో ఉంది. ఆగిపోయిన వారసత్వ ఉద్యోగాలను మళ్లీ ఇస్తామని 2016లో ప్రకటించారు. 2017 మార్చిలో ఆ పథకాన్ని హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వరంగ ఉద్యోగం పుట్టుకతో సంక్రమించేది కాదని, అందరికీ సమాన అవకాశం ఉండాలని ఆ తీర్పు సారాంశం. ఆ తర్వాత 2018 నుంచి కారుణ్య నియామకాల పేరుతో మరో దారి తెరిచారు. మిగిలినవాళ్లకు నోటిఫికేషనే గతి. 2022లో సింగరేణి 177 జూనియర్ అసిస్టెంట్ పోస్టులకు ప్రకటన ఇస్తే, సెప్టెంబరు 4న జరిగిన రాత పరీక్షకు డెబ్బై వేల మందికి పైగా వచ్చారు. ఒక్కో కుర్చీకి దాదాపు నాలుగు వందల మంది.

అయితే అందరికీ తెలిసేలా ప్రకటన ఇవ్వాలన్న నియమం ఎక్కడిది? 1959 నాటి చట్టం ప్రభుత్వ సంస్థలూ, పాతిక మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలూ ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజికి తెలపాలంది. ఆ ఎక్స్ఛేంజి ద్వారానే భర్తీ చేయాలని మాత్రం అనలేదు. 1996లో మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ఎక్స్ఛేంజి పంపిన పేర్లతోనే సరిపెట్టకుండా, ఎక్కువ చెలామణి ఉన్న పత్రికల్లోనూ ప్రకటన ఇవ్వాలంది. ఎక్స్ఛేంజి కార్డును ఏటికేడు రెన్యువల్ చేయించుకుంటూ బతికిన తరానికి ఇది మేలు చేసిన తీర్పే.

కానీ దానికి ఐదేళ్ల ముందే, 1991లో, అదే కోర్టు రాజ్యాంగ ధర్మాసనం శంకర్‌సన్ దాష్ కేసులో మరో మాట తేల్చింది. ప్రకటన వచ్చినా, పరీక్షలో నెగ్గినా, ఎంపిక జాబితాలో పేరున్నా ఉద్యోగం హక్కుగా రాదు. ప్రభుత్వం ఇష్టారాజ్యంగా వ్యవహరించకూడదు గానీ, పోస్టులన్నీ నింపి తీరాలన్న నిర్బంధం లేదు. అంటే ప్రకటన ఇవ్వడం తప్పనిసరి, ఉద్యోగం ఇవ్వడం తప్పనిసరి కాదు. ఈ రెంటి మధ్య ఉన్న సందులోనే అసలు కథంతా నడుస్తోంది.

ప్రైవేటు కంపెనీలకైతే ఆ మొదటి నిర్బంధం కూడా పెద్దగా పట్టదు. అయినా లేని ఉద్యోగాలకు ప్రకటనలు వేస్తాయి. ఎందుకని? ఉద్యోగ ప్రకటనను నిరుద్యోగి ఒక్కడే చదవడు మరి. షేర్ కొన్నవాడు చదివి కంపెనీ పెరుగుతోందనుకుంటాడు. ఇద్దరి పని ఒక్కడే మోస్తున్న ఉద్యోగి చదివి, తోడు వస్తున్నారులే అని ఇంకో ఆర్నెల్లు ఓర్చుకుంటాడు. కాస్త గొంతెత్తేవాడికి, నీ స్థానంలోకి మనుషులు దొరుకుతారన్న హెచ్చరిక అందుతుంది. ఐటీ సర్వీసుల్లో కొత్త ప్రాజెక్టుకు పోటీపడే సంస్థ, మనుషులు సిద్ధంగా ఉన్నారని క్లయింటుకు చూపేందుకు ముందే బయోడేటాలు పోగేస్తుంది. ప్రాజెక్టు రాకపోతే ఆ కాగితాలకు దిక్కు లేదు. కొన్నిచోట్ల మనిషిని లోపలే ఖాయం చేసుకుని, నియమం కోసం మాత్రమే పోర్టల్‌లో పెడతారు. ఇక కన్సల్టెన్సీల్లో కొన్నింటికి అభ్యర్థి ఫోన్ నంబరే సరుకు.

అమెరికాలో వీటిని ఘోస్ట్ జాబ్స్ అంటున్నారు. గ్రీన్‌హౌస్ అనే నియామక సాఫ్ట్‌వేర్ సంస్థ 2024లో తన ద్వారా వెలువడిన ప్రకటనలను పరిశీలిస్తే, 18 నుంచి 22 శాతం దాకా ఈ కోవలోనే తేలాయి. అదే ఏడాది రెజ్యూమె బిల్డర్ సర్వేలో, ప్రతి పది కంపెనీల్లో నాలుగు ఆ ఏడు ఉత్తుత్తి ప్రకటన వేశామని ఒప్పుకున్నాయి. అడిగితే ఒప్పుకునేంత మామూలు వ్యవహారమైపోయిందన్నమాట!

ఈ బాగోతంలో తెలుగువాళ్లు మోసపోయే పక్షంలోనే ఉన్నారనుకుంటే పొరపాటు. అమెరికాలో హెచ్‌-1బీ మీద పనిచేస్తున్న ఉద్యోగికి గ్రీన్‌కార్డు కావాలంటే కంపెనీ ముందుగా కార్మిక శాఖ దగ్గర ‘పెర్మ్’ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. 2005 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. ఆ పనికి అర్హుడైన అమెరికన్ దొరకలేదని రుజువు చేయడానికి కంపెనీ ఆదివారం పత్రికలో రెండుసార్లు ప్రకటన ఇవ్వాలి, రాష్ట్ర ఉపాధి సంస్థలో ముప్పై రోజులు ఉంచాలి, ఇంకో మూడు మార్గాల్లోనూ చాటాలి. కానీ ఆ కుర్చీలో ఏ గుంటూరు అబ్బాయో, ఏ కరీంనగర్ అమ్మాయో అప్పటికే ఏళ్లుగా కూర్చుని ఉంటారు. కొత్త మనిషి రావాలని కంపెనీకీ ఉండదు, కుర్చీలో ఉన్నవాళ్లకు అసలే ఉండదు. ప్రకటన ఎవరి కంటా పడకపోతేనే అందరికీ శాంతి.

ఎవరి కంటా పడకుండా చూడటం ఎట్లాగో ఫేస్‌బుక్ మీద అమెరికా న్యాయశాఖ వేసిన కేసులో వివరంగా బయటపడింది. 2018 జనవరి నుంచి 2019 సెప్టెంబరు దాకా 2,600కు పైగా పోస్టుల విషయంలో కంపెనీ తన కెరీర్స్ సైటులో ప్రకటన పెట్టలేదని, దరఖాస్తులు పోస్టులోనే పంపాలందని ఆరోపణ. ప్రపంచమంతటినీ ఆన్‌లైన్లో కలిపే కంపెనీకి కవరూ స్టాంపూ కావలసి వచ్చాయి! ఆ పోస్టుల్లో 99.7 శాతానికి ఒక్క దరఖాస్తు రావడమో, అదీ రాకపోవడమో జరిగిందట. సైటులో పెట్టిన అలాంటి పోస్టులకే నూరు, ఆపైన వచ్చేవట. నిబంధనలు పాటించామనే కంపెనీ వాదించింది గానీ, 2021 అక్టోబరులో 1.425 కోట్ల డాలర్ల దాకా చెల్లించడానికి ఒప్పుకుని కేసు ముగించుకుంది. 2023 నవంబరులో ఆపిల్ ఇలాంటి ఆరోపణకే రెండున్నర కోట్ల డాలర్లకు రాజీపడింది.

ఇందులో తప్పు గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసే ఉద్యోగిది కాదు. ప్రకటన తతంగం అతను పెట్టింది కాదు. ఒక్కో దేశానికి ఏడు శాతం అన్న పరిమితి వల్ల భారతీయుల క్యూ ఏళ్ల తరబడి కదలదు. అయినా ఆ ప్రకటన చూసి దరఖాస్తు పెట్టిన ఒహాయో నిరుద్యోగికీ, నౌకరీ పోర్టల్‌లో యాభై దరఖాస్తులు పెట్టి ఒక్క జవాబుకు నోచుకోని మందమర్రి బీటెక్‌కూ జరిగింది ఒకటే.

ఇక ప్రభుత్వాల సంగతి. ఇక్కడ ప్రకటనను చదివేది ఓటరు. తెలంగాణలో 2023 సెప్టెంబరులో, శాసనసభ ఎన్నికలకు ముందు, 5,089 టీచర్ పోస్టులతో డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష జరగకుండానే 2024 ఫిబ్రవరిలో రద్దయి, 11,062 పోస్టులతో కొత్తది వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఫిబ్రవరిలో, మళ్లీ ఎన్నికల ముందే, 6,100 పోస్టులతో వచ్చిన డీఎస్సీకీ అదే గతి. ప్రభుత్వం మారాక 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. రెండు రాష్ట్రాల్లోనూ కొత్త ప్రకటనలు నియామకాల దాకా వెళ్లాయి, అది ఒప్పుకోవాలి. తెలంగాణ గ్రూప్‌-2 కథ వేరు: 2022 డిసెంబరులో 783 పోస్టులకు నోటిఫికేషన్, వాయిదా మీద వాయిదా, చివరికి పరీక్ష 2024 డిసెంబరులో. ఈ రెండేళ్లూ హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ గదుల అద్దె ఎవరు కట్టారో ఈ సభలో కూర్చున్న తండ్రులకు తెలుసు. వీటన్నింటికీ తాత 1998 డీఎస్సీ. అందులో అర్హత సాధించినవాళ్లలో నాలుగున్నర వేల మందికి ఆంధ్రప్రదేశ్‌లో కొలువు దక్కింది 2023లో. కొందరికి అప్పటికే రిటైర్మెంటు వయసు దగ్గరపడింది.

ఈ నోటిఫికేషన్లను భర్తీ చేసే ఉద్దేశం లేకుండానే ఇచ్చారని అనలేం. కానీ ఉద్దేశం ఉన్న ఆలస్యానికీ, ఉద్దేశం లేని ప్రకటనకూ అభ్యర్థి వయసు ఒకేలా కరుగుతుంది.   

ఆఫర్ లెటర్ చేతికొచ్చాక నిశ్చింత అనుకోవడానికీ లేదు. ఇన్ఫోసిస్‌లో 2022 బ్యాచ్‌కు ఆఫర్లు అందుకున్న సుమారు రెండు వేల మంది రెండేళ్లు జాయినింగ్ తేదీ కోసం ఎదురుచూడటంతో, 2024లో ఐటీ ఉద్యోగుల సంఘం నైట్స్ కేంద్ర కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. విప్రో 2023 ఫిబ్రవరిలో, ఆరున్నర లక్షల ప్యాకేజీ కోసం ఎదురుచూస్తున్న ఫ్రెషర్లను మూడున్నర లక్షలకు చేరతారా అని అడిగింది.

దీనికి చట్టం పనికిరాదా అంటే, కెనడాలో ఒక నమూనా ఉంది. ఒంటారియో రాష్ట్రంలో 2026 జనవరి 1 నుంచి, పాతిక మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థ, ఆ పోస్టు నిజంగా ఖాళీగా ఉందో లేదో ప్రకటనలోనే చెప్పాలి. ఇంటర్వ్యూ చేసినవాళ్లకు 45 రోజుల్లోగా ఫలితం తెలపాలి. తెలంగాణ శాసనసభ తలచుకుంటే ఈ రెండు నిబంధనలకూ పెద్ద ఖర్చేమీ కాదు. సింగరేణి కూడా తన కార్మికులతోనే నింపే పోస్టులకు ఇంటర్నల్ అనీ, బయటివాళ్లకు ఎక్స్‌టర్నల్ అనీ విడివిడిగా నోటిఫికేషన్లు ఇస్తుంది. ఎవరి కోసమో మొదటి పంక్తిలోనే తెలిసిపోతుంది. ఆపాటి మర్యాద ప్రైవేటు కంపెనీలకు అసాధ్యమేమీ కాదు.

చట్టం వచ్చేదాకా పట్టభద్రులు చేయగలిగింది కొంత ఉంది. పోర్టల్‌లో కనిపించిన ఉద్యోగం కంపెనీ సొంత సైటులో ఉందో లేదో చూడాలి. అదే ప్రకటన నెలల తరబడి తేదీ మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తుంటే దాని మీద ఆశ తగ్గించుకోవాలి. ఇంటర్వ్యూలో, ఈ పోస్టు కొత్తదా, ఎవరైనా మానేస్తే వచ్చిందా, ఎప్పటిలోగా చేర్చుకుంటారు అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. జవాబులో తడబాటు కనిపిస్తే అదీ జవాబే. బాయిలో ఉద్యోగం పెట్టిస్తానంటూ క్వార్టర్ల చుట్టూ తిరిగే దళారీకి గానీ, బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీకి గానీ తండ్రి గ్రాట్యుటీ డబ్బు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

చివరిగా ఒక్క మనవి. ఈ సభలో ఉన్నవాళ్లలో కొందరు నాలుగైదేళ్లలో ఏదో ఒక కంపెనీ హెచ్‌ఆర్ విభాగంలో కూర్చుంటారు. లేని పోస్టుకు ప్రకటన వేయమని పైనుంచి మాట వస్తుంది. ఆ రోజు, “ప్రస్తుతం ఖాళీ లేదు, బయోడేటాలు మాత్రమే తీసుకుంటున్నాం” అన్న ఒక్క వాక్యం అందులో రాయించండి. దరఖాస్తు పెట్టినవాళ్లకు, లేదని అయినా సరే, జవాబు పంపించండి.